కరావోకే ప్రోగ్రాంకి తెరలు కలపడం: ముందు పాడేవాళ్ల టీవీ, ఆ తర్వాతే ఎల్ఈడీ వాల్

వినాయక చవితి పందిట్లో మూడో రోజో ఐదో రోజో కరావోకే పెట్టుకోవడం ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో మామూలైపోయింది. మైకు సెట్టు టెంట్ హౌస్ వాళ్లు తెస్తారు. సౌండు వాళ్లే చూసుకుంటారు. తెరల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కమిటీలో ఎవరో ఒకరు "ఏముందండీ, ఎవరింట్లోదో టీవీ దింపి లాప్‌టాప్ తగిలిస్తే సరి" అనేస్తారు. తగిలించాల్సింది మీరు. కంప్యూటర్ ఉద్యోగం చేస్తారు కదా, అదీ మీ అర్హత.

మా అపార్ట్‌మెంట్‌లో ఆ అర్హతతోనే నేను ఇరుక్కున్నాను. మొదటి ఏడాది డబ్బంతా పెట్టి పెద్ద ఎల్ఈడీ వాల్ అద్దెకు తెచ్చి స్టేజి వెనకాల నిలబెట్టాం. పాడేవాళ్లకి ఎదురుగా వేరే తెర కావాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. మూడో ఫ్లోర్ బాబాయి గారు పల్లవి బాగానే ఎత్తుకున్నారు. చరణం కోసం వెనక్కి తిరిగారు. ఆయనతో పాటు మైకు మూతి కూడా స్టేజి ముందున్న మానిటర్ స్పీకర్ (పాడేవాళ్లకి వినపడేందుకు పెట్టేది) వైపు తిరిగింది. కుయ్యిమని కూత. పందిట్లో పిల్లలంతా చెవులు మూసుకున్నారు. దిగాక ఆయన నన్ను పక్కకి పిలిచి, "ఏం బాబూ, అక్షరాలు కనపడాలంటే జనానికి వీపు చూపించాలా ఏంటయ్యా?" అన్నారు.

ఆ మాటే ఈ పని మొత్తానికి మొదటి సూత్రం. పాడేవాళ్లకి ఎదురుగా ఒక టీవీ పెట్టండి. అది పక్కాగా పనిచేశాకే జనం చూసే తెర సంగతి ఆలోచించండి. బడ్జెట్ ఒక్క తెరకే సరిపోతే ఆ ఒక్కటీ పాడేవాళ్లకే.

ముందు కొలత

ఏ వైరూ కొనకముందు పందిరి బొమ్మ ఒకటి కాగితం మీద గీయండి. లాప్‌టాప్ ఎక్కడ, పాడేవాళ్ల టీవీ ఎక్కడ, జనం తెర ఎక్కడ అని మూడు చుక్కలు పెట్టుకుంటే చాలు. లాప్‌టాప్ సౌండ్ మిక్సర్ పక్కనే ఉండాలి. ఆడియో వైరు ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. పైగా పాట పెట్టే మనిషీ మిక్సర్ అబ్బాయీ సైగలతో మాట్లాడుకోవాలి కదా.

ఇప్పుడు టేపు పట్టి కొలవండి. చూపుతో అంచనా వేయకండి. వైరు గాల్లో తిన్నగా పోదు. కుర్చీల వారగా వెళ్లి, స్టేజి కింద దూరి, టీవీ వెనక పైకి ఎక్కుతుంది. కంటికి 8 మీటర్లు అనిపించింది కొలిస్తే 13 తేలుతుంది. దానికి ఇంకో 2 మీటర్లు కలుపుకోండి, చివర్లో బిగుతుగా లాగి కట్టిన వైరే ఎవరి కాలికో తగులుతుంది.

పాడేవాళ్ల టీవీ 32 అంగుళాలుంటే చాలు. 43 అయితే యుగళగీతాలకి హాయి. మైకు స్టాండుకి 2 నుంచి 3 మీటర్ల దూరంలో, స్టేజి ముందు అంచున, కొంచెం పక్కకి పెట్టండి. సరిగ్గా మధ్యలో పెడితే ముందు వరుసకి అడ్డం, ఫొటోల్లో మనిషి నడుము దాకా టీవీ వెనుక భాగమే. కింద పీట వేసి, కాస్త వెనక్కి వాల్చి, పడకుండా తాడుతో కట్టండి. మరీ నేలకి ఆనిస్తే తల వంచుకుని పాడాలి, అప్పుడు గొంతు నొక్కుకుపోతుంది. పెట్టాక మీరే మైకు దగ్గర నిలబడి చదివి చూడండి. మీ కళ్లతో కాదు, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చే పెద్దవాళ్ల కళ్లతో.

కేబుల్ దగ్గర పిసినారితనం వద్దు

లాప్‌టాప్ బొమ్మని టీవీకి మోసేది హెచ్‌డీఎంఐ కేబుల్. అది 5 మీటర్ల లోపయితే ఏది తెచ్చినా దాదాపు పనిచేస్తుంది. 1080పీ బొమ్మకి (అంటే 1920×1080 చుక్కల ఫుల్ హెచ్‌డీ) 10 మీటర్ల దాకా మందమైన మంచి రాగి కేబుల్ నమ్మొచ్చు. 15 మీటర్లంటే ఆ కేబుల్ నాణ్యతని బట్టి మీ అదృష్టం. పాత కేబుల్ టీవీలో సిగ్నల్ తగ్గితే బొమ్మ మసకబారేది, గీతలొచ్చేవి, అయినా చూడగలిగేవాళ్లం. ఇక్కడ అలా కాదు. ముందు తెల్లటి మెరుపు చుక్కలు చిటపటలాడతాయి, తర్వాత తెర రెండు సెకన్లు నల్లబడి మళ్లీ వస్తుంది, ఆపైన "నో సిగ్నల్". చుక్కలు కనిపించినప్పుడే కేబుల్ మార్చండి. సర్దుకుంటుందిలే అని వదిలేస్తే సరిగ్గా చీఫ్ గెస్ట్ పాడేటప్పుడు పోతుంది.

అంతకన్నా దూరమైతే రెండు దారులు. ఒకటి ఫైబర్ హెచ్‌డీఎంఐ కేబుల్. సన్నగా, తేలిగ్గా ఉంటుంది, 30 మీటర్లయినా ఇబ్బంది లేదు. కానీ దానికి ముందూ వెనకా ఉంటాయి. ఒక చివర సోర్స్ అని, ఇంకో చివర డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. తిరగేసి లాగితే బొమ్మ రాదు. స్టేజి కింద నుంచి మొత్తం లాగి, టేపులు అంటించి, అప్పుడు ఆ అక్షరాలు చదివిన వాడిని నేను. లాగకముందే చదవండి. మడత పెట్టి తొక్కితే లోపలి గాజు పోగు విరుగుతుంది, అది కూడా గుర్తుంచుకోండి.

రెండోది క్యాట్-6 నెట్‌వర్క్ వైరు మీద నడిచే ఎక్స్‌టెండర్. లాప్‌టాప్ దగ్గర ఒక డబ్బా, టీవీ దగ్గర ఒక డబ్బా. హెచ్‌డీబేస్‌టీ రకమైతే 1080పీని 100 మీటర్ల దాకా మోస్తుంది. చవక రకాలు డబ్బా మీద 60 అని రాసినా 30-40 మీటర్లకే అలసిపోతుంటాయి. వైరు కొనేటప్పుడు "ప్యూర్ కాపరేనా?" అని అడగండి. బజార్లో తక్కువ ధరకి దొరికే వాటిల్లో అల్యూమినియం తీగకి పైన రాగి పూత వేసినవే ఎక్కువ. బ్లేడుతో తీగని గీరితే లోపల తెల్లగా కనిపిస్తుంది.

వైర్‌లెస్‌గా కాస్ట్ చేస్తే పోలా అని కుర్రాళ్లు అంటారు. ఇంట్లో సినిమాకి ఓకే. పందిట్లో 200 ఫోన్లు వైఫై గాలిలో తోసుకుంటుంటే బొమ్మ ఆగుతుంది. ఆగకపోయినా అక్షరాలు పాట వెనకాల నడుస్తాయి. కరావోకేకి అది పనికిరాదు.

ఇంకో చిన్న మాట. పాత వీజీఏ కేబుల్‌కి రెండు పక్కలా స్క్రూలుండేవి, బిగిస్తే ఊడేది కాదు. హెచ్‌డీఎంఐకి అలాంటి తాళమేమీ లేదు. వైరు బరువుకే జారుతుంది. టీవీ వెనక స్టాండుకి వైరుని ఒక చుట్టు చుట్టి టేపు వేయండి, బరువు ప్లగ్గు మీద పడకూడదు.

రెండు తెరలకి స్ప్లిటర్

ఒక లాప్‌టాప్ నుంచి రెండు తెరలకి ఒకే బొమ్మ కావాలంటే హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ కొనాలి. షాపులో స్విచ్ చేతిలో పెడతారు, జాగ్రత్త. స్విచ్ అంటే నాలుగు చోట్ల నుంచి వచ్చేదాంట్లో ఒకటి ఎంచుకోవడానికి. స్ప్లిటర్ అంటే ఒకటి లోపలికి, రెండో నాలుగో బయటికి. కరెంటు అడాప్టర్ లేకుండా "వై" ఆకారంలో ఉండే వైర్లు కూడా అమ్ముతారు. వాటితో ఒకేసారి రెండు టీవీల్లో బొమ్మ రాదు, డబ్బు దండగ. రెండు తెరలే అయినా 1×4 తీసుకోండి. మూడో తెర రేపు ఎవరో అడుగుతారు, ఒక పోర్టు చెడినా ఇంకోటి ఉంటుంది.

ఆన్ చేసే వరస ఇలా ఉండాలి: ముందు టీవీలు, తర్వాత స్ప్లిటర్, చివర లాప్‌టాప్. తెర తనకి ఏ సైజు బొమ్మ కావాలో లాప్‌టాప్‌కి చెప్పుకుంటుంది. ఈడీఐడీ అంటారు దాన్ని. మధ్యలో స్ప్లిటర్ ఉంటే, చాలా రకాలు మొదటి పోర్టులో ఉన్న తెర మాటే వింటాయి, కొన్ని అన్నిట్లోకి తక్కువ దాని మాట వింటాయి. ఒకటి 4కే టీవీ (1080పీకి నాలుగింతల చుక్కలు), ఇంకోటి పాత ప్రొజెక్టర్ అయితే ఒకదాంట్లో బొమ్మ వచ్చి రెండోది నల్లగా ఉండేది ఇందుకే. విరుగుడు సులువు. లాప్‌టాప్‌లో మీరే 1920×1080, 60 హెర్ట్జ్ అని పెట్టేయండి. పాట అక్షరాలకి 4కే ఎందుకు చెప్పండి?

లాప్‌టాప్‌లో

విండోస్ కీ, పీ కలిపి నొక్కితే పక్కన నాలుగు వరసలు వస్తాయి. డూప్లికేట్ కాదు, ఎక్స్‌టెండ్ ఎంచుకోండి. డూప్లికేట్‌లో మీ తెర మీద ఏముంటే అదే జనం తెర మీద. ఒకసారి పాట మధ్యలో "వచ్చేటప్పుడు పెరుగు ప్యాకెట్ తెండి" అన్న మెసేజ్ పది అడుగుల ఎత్తున వెలిగింది. ఆ రాత్రి పాటలు ఎవరికీ గుర్తులేవు, పెరుగు ప్యాకెట్ మాత్రం ఇప్పటికీ గుర్తుంది. ఎక్స్‌టెండ్‌లో పాటల వరస మీ తెర మీద, అక్షరాలు రెండో తెర మీద. ప్లేయర్ కిటికీని మౌస్‌తో పక్కకి లాగి ఫుల్ స్క్రీన్ చేస్తే సరి. నోటిఫికేషన్లు ఆపేయండి, తెర నిద్రపోయే సెట్టింగ్ తీసేయండి, విండోస్ అప్‌డేట్‌ని వారం వెనక్కి నెట్టండి.

ఫోన్ నుంచే నడుపుదామనుకుంటే ఒకటి చూసుకోండి. టైప్-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన ప్రతి ఫోనూ బొమ్మని బయటికి పంపదు. మధ్యరకం ఫోన్లలో చాలావాటికి ఆ వసతి ఉండదు. అడాప్టర్ కొనే ముందే ఎవరిదైనా అడిగి తగిలించి చూడండి.

పాటలు మాత్రం నెట్ మీద ఆధారపడి నడపకండి. పందిట్లో సిగ్నల్ సంగతి తెలిసిందే, పైగా అనుపల్లవి ముందు సబ్బు ప్రకటన వస్తుంది. ట్రాకులు ముందే లాప్‌టాప్‌లో పెట్టుకుని, వరస నంబర్లు వేసి, ఇంకో కాపీ పెన్ డ్రైవ్‌లో ఉంచండి.

సౌండు మాయమైందా?

హెచ్‌డీఎంఐ తగిలించగానే మిక్సర్‌లో పాట ఆగిపోతుంది. మిక్సర్ అబ్బాయి వైర్లు పీకి చూస్తాడు, మీరు కంగారుపడతారు. జరిగింది ఇంతే, విండోస్ సౌండుని టీవీకి పంపేసింది. గడియారం పక్కన స్పీకర్ గుర్తు నొక్కి మళ్లీ హెడ్‌ఫోన్ లేదా సౌండ్ కార్డు ఎంచుకోండి. టీవీ సౌండు పూర్తిగా తగ్గించేయండి. లేదంటే ఈసారి ఇంకో రకం ఎకో వస్తుంది.

గుయ్యిమని హమ్మింగ్ వస్తే ముందు లాప్‌టాప్ చార్జర్ పీకండి. ఆగిందా, దొంగ దొరికాడు. చార్జర్ దారిన ఒక ఎర్త్, మిక్సర్ దారిన ఒక ఎర్త్ కలిసి చుట్టు తిరుగుతున్నాయన్నమాట. ఆ చుట్టుని తెంపే చిన్న డబ్బా, డీఐ బాక్స్ అంటారు, సౌండు వాళ్ల దగ్గర ఉంటుంది, అడిగి మధ్యలో పెట్టించండి. టీవీకి డిష్ వైరో కేబుల్ వైరో తగిలి ఉన్నా ఇదే గొడవ, దాన్ని తీసేయండి. ఎర్త్ పిన్ను మాత్రం కోయకండి, కోయనివ్వకండి. హమ్మింగ్ ఆగుతుంది నిజమే. కానీ వాన తడికి మెరుస్తున్న ఇనప స్టేజి మీద చేతిలో లోహపు మైకు పట్టుకుని నిలబడే మనిషికి అప్పుడు రక్షణ ఏముంటుంది?

లాప్‌టాప్, మిక్సర్, టీవీలు అన్నీ ఒకే ఫేజ్ నుంచి కరెంటు తీసుకునేలా చూడమని ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి. దీపాల తోరణాలు వేరే లైను మీద ఉండాలి. స్ప్లిటర్, లాప్‌టాప్ చిన్న యూపీఎస్ మీద ఉంటే, కరెంటు పోయి జనరేటర్ అందుకునే లోపు మొత్తం వరస మళ్లీ మొదలెట్టక్కర్లేదు.

అక్షరాలు వెనకబడితే

రంగు మారే అక్షరం కన్నా నోరు ముందు పోతోందని గాయకులు అంటారు. తాళం రాదనుకోకండి, చాలాసార్లు తప్పు టీవీది. కొత్త టీవీలు బొమ్మని అందంగా చేసే పనిలో ప్రతి ఫ్రేమునీ కాసేపు అట్టిపెట్టుకుంటాయి. సెట్టింగ్స్‌లో గేమ్ మోడ్ ఆన్ చేస్తే ఆ అలంకారాలు ఆగి ఆలస్యం బాగా తగ్గుతుంది. పరీక్ష ఎలాగంటే, అసలు గాయకుడి గొంతున్న పాట ఒకటి అదే ప్లేయర్‌లో పెట్టి, మాటకీ రంగుకీ పొంతన చూడండి. టీవీ దగ్గర నిలబడి చూడాలి, మిక్సర్ దగ్గర కాదు. బ్లూటూత్ స్పీకర్‌తో ప్రాక్టీస్ చేసి వచ్చినవాళ్లకి అసలే చెవి అలవాటు మారి ఉంటుంది, వాళ్లకి రిహార్సల్ ఒకటి ఎక్కువ ఇవ్వండి.

తెర అంచుల్లో అక్షరాలు తెగిపోతుంటే అది ఓవర్‌స్కాన్. టీవీని బట్టి జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్ లాంటి పేర్లతో ఉంటుంది, బొమ్మ సైజు మెనూలో వెతకండి.

తెలుగు లిపి సంగతి

దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ, ఇబ్బందిపడేవాళ్లు ఎక్కువ. ఇంగ్లిష్ అక్షరాల కొలతలతో వేసిన స్లైడులో తెలుగు పెడితే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద కూర్చుంటాయి. "స్త్రీ", "జ్యోత్స్న" లాంటివి రాగానే గాయకుడు ఆగిపోతాడు. వరసల మధ్య అక్షరం ఎత్తులో సగమైనా ఖాళీ వదలండి. ఒక తెరకి మూడు వరసలు, మహా అయితే నాలుగు. నల్లటి లేదా ముదురు నీలం నేపథ్యం మీద తెల్లటి అక్షరం, పాడాల్సిన మాటకి పసుపు. కింద పూలూ జలపాతాలూ వద్దు.

పాత సాహిత్యం ఫైళ్లు అను ఫాంట్లలో టైపు చేసినవైతే ఇంకా జాగ్రత్త. అవి యూనికోడ్ (ఏ కంప్యూటర్ అయినా గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు. మీ కంప్యూటర్‌లో ముత్యాల్లా ఉన్నవి అద్దె లాప్‌టాప్‌లో గుర్తుపట్టలేని పిచ్చి గీతలైపోతాయి. యూనికోడ్‌లోకి మార్చుకుని మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లలో వేసుకోండి. సన్నటి గీతలున్న ఫాంట్లు దూరానికి ఆనవు. అన్నిటికన్నా క్షేమం, స్లైడులన్నీ బొమ్మలుగానో వీడియోగానో మార్చి తీసుకెళ్లడం. బొమ్మకి ఫాంటుతో పని లేదు.

తెలుగు చదవలేని మన పిల్లలు, ముఖ్యంగా సెలవులకి అమెరికా నుంచి వచ్చినవాళ్లు పాడతామంటే, అదే పాటకి ఇంగ్లిష్ లిపిలో ఇంకో ఫైలు చేసి ఉంచండి. రెండు లిపులూ ఒకే తెర మీద ఇరికిస్తే ఇద్దరికీ చదవడం కష్టం.

ఇప్పుడు ఎల్ఈడీ వాల్

వాల్ వాళ్లు పీ3.91 అంటే చుక్కకీ చుక్కకీ మధ్య 3.91 మిల్లీమీటర్లని. 500 మిల్లీమీటర్ల చదరపు పలక ఒక్కోదానికి 128×128 చుక్కలు. అలాంటివి అడ్డంగా 8, నిలువుగా 5 పేరిస్తే 4 మీటర్ల వెడల్పు, రెండున్నర ఎత్తు. చూడ్డానికి గోడంత ఉంటుంది, చుక్కలు లెక్కేస్తే 1024×640 మాత్రమే! మీ 1920×1080 బొమ్మ అందులో సగానికి కుదించుకుపోతుంది. టీవీలో బాగున్న సన్నటి అక్షరం వాల్ మీద ముక్కలైపోయేది అందుకే. మొదటి వరస కుర్చీలు వాల్‌కి 4 మీటర్లైనా దూరంగా ఉంచండి. వాల్ అబ్బాయి ప్రాసెసర్ (బొమ్మని పలకలకి పంపే పెట్టె) నుంచి రెండు నెట్‌వర్క్ వైర్లు లాగితే వింతపడకండి. మామూలుగా ఒక్కో వైరు 6,50,000 చుక్కల దాకా మోస్తుంది, మన లెక్క 6,55,360. ఆ కొసరు కోసం రెండో వైరు.

వాళ్లకి మీరు ఇవ్వాల్సింది స్ప్లిటర్ రెండో పోర్టు నుంచి ఒక హెచ్‌డీఎంఐ చివర, అంతే. వెలుగు మాత్రం బాగా తగ్గించమనండి. రాత్రి పందిట్లో 30-40 శాతం సరిపోతుంది. నిండు వెలుగులో పాడేవాళ్ల ముఖాలు నల్లటి నీడల్లా కనిపిస్తాయి, కరెంటూ ఎక్కువ లాగుతుంది.

వాల్ మీద అక్షరాలు కాకుండా పాడేవాళ్ల ముఖం కనపడాలని ఆడవాళ్లు అడిగారు ఒక ఏడాది. న్యాయమైన కోరికే. అప్పుడు ఒక వీడియో స్విచర్ కావాలి. ఏటెమ్ మినీ లాంటి నాలుగు ఇన్‌పుట్ల పెట్టె అద్దెకు దొరుకుతుంది. స్ప్లిటర్ నుంచి ఒక వైరు నేరుగా పాడేవాళ్ల టీవీకి, ఇంకోటి స్విచర్‌కి. కెమెరా వైరూ స్విచర్‌కే. స్విచర్ నుంచి వాల్‌కి. పాడేవాళ్ల టీవీని మాత్రం స్విచర్ తర్వాత పెట్టకండి. మధ్యలో వచ్చే ప్రతి పెట్టే కొంత ఆలస్యం కలుపుతుంది. ఆ ఆలస్యం జనం భరించగలరు, పాడేవాళ్లు భరించలేరు. పైగా స్విచర్ మీద కూర్చున్న కుర్రాడు కెమెరా నొక్కగానే గాయకుడికి అక్షరాలు పోయి తన ముఖమే కనిపిస్తుంది.

ఆ రోజు

రాత్రి 10కి మైకు ఆపాలి, కాబట్టి సాయంత్రం 4 కల్లా వైర్లు లాగేయండి. ఎండలో టీవీ కనపడట్లేదని కంగారుపడకండి, చీకటి పడ్డాక చూడండి. నడిచే దారిలో వైర్ల మీద రబ్బరు మ్యాటు వేసి అంచులు టేపు చేయండి. ప్రతి వైరుకి రెండు చివర్లా కాగితం ముక్క అంటించి "టీవీ", "వాల్", "కెమెరా" అని రాయండి. ఏదైనా ఊడితే చీకట్లో సెల్‌ఫోన్ టార్చి వేసి వెతికేది మీరే. ఒక కేబుల్, ఒక హెచ్‌డీఎంఐ అడాప్టర్ అదనంగా జేబులో పెట్టుకోండి. నిండుగా ఒక పాట మొదటి నుంచి చివరి దాకా నడపండి. పది సెకన్లు చూసి వదిలేస్తే వేడెక్కాక వచ్చే లోపాలు బయటపడవు.

పాడేవాళ్లందరినీ పాట ప్రింటు ఒకటి చేతిలో తెచ్చుకోమనండి. 1971లో జపాన్‌లో దైసుకే ఇనోవే తయారుచేసిన కరావోకే యంత్రానికి అసలు తెరే లేదు, పుస్తకం చూసి పాడేవాళ్లు. మా బాబాయి గారు కూడా ఇప్పుడు టీవీ ముందు నిలబడి, ఎడమ చేతిలో పాత లాంగ్ నోట్‌బుక్ తెరిచి పట్టుకునే పాడతారు. టీవీ ఎలా ఉందండీ అంటే, "బావుందయ్యా, కానీ కరెంటు నీ చేతిలో లేదుగా" అంటారు.

అయిపోయాక ఆపే వరస తిరగేయండి: లాప్‌టాప్, స్ప్లిటర్, టీవీలు. కేబుల్‌ని మోచేతికి బిగించి చుట్టకండి, లోపల మెలి పడుతుంది. వెడల్పు చుట్టలుగా వదులుగా చుట్టి గుడ్డ పేలికతో కట్టండి. టీవీ ఇచ్చినవాళ్లింటికి రిమోట్‌తో సహా ఆ రాత్రే చేర్చండి. గేమ్ మోడ్ తీసేసి, సౌండు మళ్లీ పెంచి ఇవ్వండి, లేకపోతే పొద్దున్నే ఫోన్ వస్తుంది.